బైబిల్‌ను ఇంగ్లీష్‌లోకి తెచ్చినందుకు ప్రాణం తీశారు.. విలియం టిండేల్ కథ ఇదీ!

ఇప్పుడు ఫోన్‌లో ఒక్క ట్యాప్ చేస్తే చాలు.. బైబిల్ మన భాషలో ఓపెన్ అవుతుంది. చదువుకోవచ్చు, ఆడియో కూడా వినొచ్చు. కానీ 500 ఏళ్ల క్రితం ఇంగ్లండ్‌లో సీన్ వేరు. అనుమతి లేని ఇంగ్లీష్ బైబిల్ దొరికితే విచారణ, జైలు.. ఒక్కోసారి మంటల్లో మరణం. ఆ పరిస్థితిని మార్చేందుకు దేశం వదిలి, చివరికి ప్రాణాలే పోగొట్టుకున్న వ్యక్తి విలియం టిండేల్.

లాటిన్ రాకపోతే అంతే!

టిండేల్ 1494 ప్రాంతంలో గ్లోస్టర్‌షైర్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1515లో ఎంఏ పూర్తి చేశారు. అప్పట్లో చర్చిల్లో బైబిల్ అంటే లాటిన్‌లోనే. పొలం పనులు చేసుకునేవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అంతకుముందు జాన్ విక్లిఫ్ అనుచరులు చేతిరాతతో ఇంగ్లీష్ ప్రతులు తెచ్చారు. దీంతో 1409లో ఆర్చ్‌బిషప్ అరండెల్ రూల్ పెట్టారు. బిషప్ అనుమతి లేనిదే బైబిల్‌ను ఎవరూ అనువదించకూడదు, అలాంటివి చదవకూడదు.

నాగలి పట్టే కుర్రాడికి కూడా లేఖనం తెలిసేలా చేస్తానని టిండేల్ ఓ మతగురువుతో వాదనలో శపథం చేశారట. ఈ విషయం జాన్ ఫాక్స్ రాసిన చరిత్రలో ఉంది. 1523లో లండన్ బిషప్ టన్‌స్టాల్ సాయం కోరితే నిరాశే ఎదురైంది. మరుసటి ఏడాదే టిండేల్ జర్మనీ వెళ్లిపోయారు. మళ్లీ ఇంగ్లండ్‌లో అడుగుపెట్టలేదు.

బట్టల మూటల్లో పుస్తకాలు

1525లో కొలోన్‌లో ప్రింటింగ్ మొదలైంది. విషయం లీకవడంతో అచ్చయిన కాగితాలు పట్టుకుని వర్మ్స్ నగరానికి పరారయ్యారు. 1526లో అక్కడే గ్రీకు నుంచి నేరుగా అనువదించిన కొత్త నిబంధన బయటకొచ్చింది. దానిపై ఆయన పేరు కూడా లేదు. చేతిలో పట్టేంత చిన్న పుస్తకం కావడంతో వ్యాపారులు సరుకుల మధ్య, బట్టల మూటల్లో దాచి ఇంగ్లండ్‌కు చేరవేశారు.

టన్‌స్టాల్ ఊరుకోలేదు. దొరికిన ప్రతులను లండన్‌లో తగలబెట్టించారు. ఓ వ్యాపారి ద్వారా కాపీలు కొనిపించి మరీ కాల్పించారని, ఆ డబ్బుతోనే టిండేల్ మెరుగైన ఎడిషన్‌కు దారి చేసుకున్నారని ఎడ్వర్డ్ హాల్ అప్పట్లోనే రాశారు.

చర్చి కోపానికి అసలు కారణం కొన్ని మాటలు. గ్రీకులో ఉన్న పదానికి చర్చి అని కాకుండా సంఘం అనే అర్థం వచ్చే మాట వాడారు. ప్రీస్ట్ అనాల్సిన చోట పెద్ద అన్నారు. చర్చి అధికారానికే ఇది ఎసరు అని థామస్ మోర్ విరుచుకుపడ్డారు. తెలుగు బైబిల్‌లో కూడా ఆ చోట్ల సంఘం, పెద్దలు అనే మాటలే కనిపిస్తాయి.

నమ్మినవాడే పట్టించాడు

1535లో ఆంట్‌వెర్ప్‌లో హెన్రీ ఫిలిప్స్ అనే వ్యక్తి స్నేహం నటించి టిండేల్‌ను పట్టించాడు. బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్ కోటలో ఏడాదికి పైగా బందీగా ఉన్నారు. జైలు నుంచి ఆయన రాసిన ఓ లేఖ ఇప్పటికీ ఉంది. చలికి వెచ్చని టోపీ, రాత్రికి దీపం, వాటికంటే ముఖ్యంగా హీబ్రూ బైబిల్, వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని అందులో కోరారు. 1536 అక్టోబర్‌లో ఉరి బిగించి చంపి, తర్వాత శవాన్ని కాల్చేశారు. పాత నిబంధన అనువాదం సగంలోనే ఆగిపోయింది.

చనిపోయాక గెలిచారు.. కానీ!

రెండేళ్లకే ట్విస్ట్! ప్రతి చర్చిలో ఇంగ్లీష్ బైబిల్ పెట్టాలని 1538లో ఆదేశాలొచ్చాయి. 1539లో వచ్చిన గ్రేట్ బైబిల్‌లో చాలా భాగం టిండేల్ అనువాదమే. పేరు మాత్రం లేదు. అక్కడితో అయిపోలేదు. 1543లో హెన్రీ 8 ప్రభుత్వం మళ్లీ చట్టం చేసి టిండేల్ అనువాదాన్ని నిషేధించింది. కూలీలు, పనివాళ్లు, సామాన్య మహిళలు ఇంగ్లీష్ బైబిల్ చదవకూడదంది. హెన్రీ చనిపోయాక 1547లో అది రద్దయింది.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కొత్త నిబంధనలో 80 శాతానికి పైగా టిండేల్ మాటలేనని పరిశోధకుల అంచనా. 1526లో అచ్చయిన వేల ప్రతుల్లో ఇప్పుడు మిగిలినట్టు తెలిసినవి మూడే. అందులో ఒకదాన్ని 1994లో బ్రిటిష్ లైబ్రరీ దాదాపు 10 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. ఒకప్పుడు లండన్‌లో కుప్పపోసి కాల్చిన పుస్తకం ఇదే.