విలియం సీమెన్స్

సూర్యకాంతి మొక్కకు ప్రాణాధారం. సూర్యుడు అస్తమించిన తరువాత కృత్రిమ కాంతితో మొక్కను పెంచడం సాధ్యమా? ఈ ప్రశ్నకు ప్రయోగపూర్వకంగా సమాధానం వెదకిన తొలితరం శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు విలియం సీమెన్స్.

ఆయన 1823 ఏప్రిల్ 4న జర్మనీలోని హానోవర్ సమీపాన లెంథె గ్రామంలో జన్మించాడు. పదిహేడేళ్లు నిండేలోపే తల్లినీ, తండ్రినీ కోల్పోయాడు. అన్న వెర్నర్ అండతో చదువు కొనసాగించాడు. లోహాలకు విద్యుత్తుతో పూత పూసే అన్నగారి పద్ధతిని విక్రయించడానికి 1843లో ఇంగ్లండు చేరాడు. బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ దానిని కొనుగోలు చేశాడు. క్రమంగా ఇంగ్లండే ఆయనకు స్వదేశమయింది. 1859లో ఆయన బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించాడు.

వృథాను సహించలేకపోవడం సీమెన్స్ స్వభావం. కొలిమి నుంచి వెలువడే వేడి వాయువులు వ్యర్థంగా గాలిలో కలిసిపోవడం ఆయనకు నచ్చలేదు. ఆ వేడినే తిరిగి కొలిమికి అందించే విధానాన్ని తమ్ముడు ఫ్రెడరిక్‌తో కలిసి రూపొందించాడు. ఉక్కు పరిశ్రమలో అది గొప్ప మార్పు తెచ్చింది. సీమెన్స్ సోదరులు నిర్మించిన తంతి మార్గం ద్వారా 1870లో లండన్, కలకత్తా నగరాల మధ్య వార్తలు నడిచాయి.

ఆనాటి ప్రకాశవంతమైన విద్యుద్దీపం ఆర్క్ దీపం. రెండు కర్బన కడ్డీల మధ్య ఏర్పడే మంటవంటి వెలుగు అది. దానికొక చిక్కు ఉంది. ప్రవాహం పెరిగిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఒకే యంత్రానికి రెండు దీపాలను పక్కపక్కన కలిపితే, ఒకటి ప్రవాహమంతా లాక్కొంటుంది, రెండవది ఆరిపోతుంది. ఒకదాని వెనుక ఒకటిగా కలిపితే, ఒక దీపంలోని ఒడుదుడుకులు అన్నింటినీ కుదిపివేస్తాయి. బెర్లిన్‌లోని సీమెన్స్ సంస్థలో పనిచేసిన హెఫ్నర్ ఆల్టెనెక్, ప్రతి దీపమూ తన కడ్డీల దూరాన్ని తానే సరిదిద్దుకొనే ఏర్పాటును 1878లో కనుగొన్నాడు. దానితో ఒకే యంత్రం అనేక దీపాలను వెలిగించగలిగింది. ట్యూబులైటుకు చోకు అమర్చడంలో ఉన్న అవసరమూ ఇటువంటిదే. ప్రవాహాన్ని అదుపు చేసే సాధనం లేనిదే అటువంటి దీపం నిలకడగా వెలగదు.

టన్‌బ్రిడ్జ్ వెల్స్ సమీపాన ఉన్న తన తోటలో సీమెన్స్ 1879-80 చలికాలంలో ప్రయోగాలు ప్రారంభించాడు. ఆవాలు, క్యారెట్, దోస వంటి మొక్కలను నాలుగు వర్గాలుగా విభజించాడు. చీకటిలో ఉంచినవి పాలిపోయి నశించాయి. దీపకాంతి మాత్రమే పొందినవి లేత ఆకుపచ్చగా పెరిగాయి. పగటి వెలుగు పొందినవి అంతకంటె బాగున్నాయి. పగలు సూర్యకాంతినీ, రాత్రి దీపకాంతినీ పొందినవి అన్నింటినీ మించాయి. ఈ ఫలితాలను ఆయన 1880 మార్చిలో రాయల్ సొసైటీకి నివేదించాడు.

మరుసటి చలికాలంలో ఒకే ఆవిరి యంత్రం ఆధారంగా రెండు దీపాలు వెలిగించాడు. నేరుగా సోకిన ఆర్క్ కాంతికి ఆకులు మాడాయి. ఆయన నిరుత్సాహపడలేదు. దీపానికీ మొక్కకూ నడుమ పలుచని గాజుపలక అమర్చాడు, ఆకులు తేరుకున్నాయి. హానికరమైన అతినీలలోహిత కిరణాలను గాజు అడ్డుకొన్నదని నేడు మనకు తెలుసు. అక్టోబరు చివర విత్తిన బఠానీ ఫిబ్రవరి నడుమ కాపుకు వచ్చింది.

అక్కడ కూడా ఆయన దేనినీ వృథా పోనీయలేదు. యంత్రం విడిచిన ఆవిరి మొక్కల గాజుగృహాలను వెచ్చబరచింది. రాత్రి దీపాలు వెలిగించిన విద్యుత్తే పగలు నీరు తోడింది, కట్టెలు కోసింది, పశువులకు మేత తరిగింది. అయితే ఇంధనానికి అయ్యే వ్యయం తక్కువ కాదని ఆయన గ్రహించాడు. జలపాతాల వంటి చౌకైన శక్తి లభించే చోటనే ఈ సేద్యం లాభదాయకమని భావించాడు.

1883లో 'సర్' బిరుదు పొందిన సీమెన్స్, అదే సంవత్సరం నవంబరు 19న లండన్‌లో కన్నుమూశాడు. నేడు అనేక దేశాలలో గాజుగృహాల పంటలు దీపకాంతిలో పెరుగుతున్నాయి. దీపాలు మారాయి, విద్యుత్ వ్యయమనే సమస్య మాత్రం నేటికీ సాగుదారులను వెన్నాడుతూనే ఉంది. ఉన్న శక్తిని ఒక్క కణమైనా వృథా చేయక, పది పనులకు వినియోగించాలన్నదే సీమెన్స్ జీవితం మనకు అందించే సందేశం.