కొండా వెంకట రంగారెడ్డి

హైదరాబాదు నగరమునుండి పడమటికి పోవు బాటలో ముందు మొయినాబాదు, పిమ్మట చేవెళ్ల వచ్చును. మొయినాబాదు మండలములోని పెద్దమంగళారము గ్రామమున 1890వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన కొండా వెంకట రంగారెడ్డిగారు జన్మించిరి.

ఆనాడు ఈ ప్రాంతము నిజాము పాలనలో నుండెను. సంస్థాన ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారే. అయినను కచ్చేరీలలోను, న్యాయస్థానములలోను ఉర్దూభాషయే చెల్లెను. తన భూమిని గూర్చిన తీర్పును తానే చదువుకొనలేని రైతు స్థితి ఎట్టిదో ఊహింపుడు. రంగారెడ్డిగారు ఉర్దూ నేర్చి, న్యాయవాద వృత్తిని చేపట్టిరి.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషల ప్రసంగములను శ్రద్ధగా వినిన సభికులు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగానే అల్లరిచేసి, ఆయనను ముందుకు సాగనీయలేదు. తెలుగువారి మనసులు గాయపడెను. ఆ రాత్రియే కొందరు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణ చేసిరి.

అవమానము కలిగినప్పుడు ఆగ్రహించుట సులభము. ఆ ఆగ్రహము చల్లారిన పిదప కూడ నిలుచు సంస్థను కట్టుట కష్టము. సంఘమునకు నియమావళి కావలెను, ధనము కావలెను, వెరువక ముందునకు వచ్చు సభ్యులు కావలెను. పైగా ప్రభుత్వ అనుమతి లేనిదే సభ జరుపరాదని శాసనముండెను. కావున సంఘమువారు రాజకీయముల జోలికి పోక, గ్రంథాలయములు, పాఠశాలలు, శాసన పరిశోధన మున్నగు పనులతో ప్రారంభించిరి. 1922 ఫిబ్రవరిలో జరిగిన సంఘ సమావేశమునకు రంగారెడ్డిగారు అధ్యక్షత వహించిరి. మాడపాటి హనుమంతరావుగారు కార్యదర్శిగా అహోరాత్రములు శ్రమించిరి. వెట్టిచాకిరి బాధలను తెలుపు చిన్న పుస్తకములు పల్లెలకు చేరెను.

ఎనిమిదేండ్ల ఓపికకు ఫలము లభించెను. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. 1936లో షాద్‌నగరున జరిగిన అయిదవ మహాసభకు రంగారెడ్డిగారే అధ్యక్షులైరి.

సంస్థ పెరిగినకొలది అభిప్రాయభేదములు కూడ పెరిగెను. మితవాదులకును, సామ్యవాదులకును పొసగలేదు. 1944లో భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలెను. తమ చేతులతో నాటిన చెట్టు చీలుట చూచిన పెద్దల వేదన సామాన్యమైనది కాదు. అయినను వారి శ్రమ వ్యర్థము కాలేదు. నోరు విప్పుటకు జంకిన ప్రజలు సభలలో నిలిచి మాటలాడుట నేర్చిరి.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసెను. 1952లో ఏర్పడిన బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గములో రంగారెడ్డిగారు మంత్రిగా పనిచేసిరి. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందముపై తెలంగాణము పక్షమున సంతకము చేసినవారిలో వారొకరు. తరువాత ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పదవిని కూడ నిర్వహించిరి. 1970 జూలై 24వ తేదీన స్వర్గస్థులైరి.

1978లో హైదరాబాదు చుట్టునున్న గ్రామములతో ఏర్పడిన జిల్లాకు వారి పేరు పెట్టిరి. చేవెళ్ల, మొయినాబాదులు నేటికిని రంగారెడ్డి జిల్లాలోనివే. ఆ పేరు పలుకునప్పుడెల్ల, ఒకనాటి అవమానమును ఓర్పుతో సంస్థగా మలచిన పెద్దలు మనకు జ్ఞప్తికి రావలెను.