అజరయ్య బిషప్పు గారి జీవితములో పరిశుద్ధత

పరిశుద్ధ సార్వత్రిక సంఘమును నమ్ముచున్నామని విశ్వాస ప్రమాణములో మనము ప్రతి ఆదివారము ఒప్పుకొనుచున్నాము. అయితే పరిశుద్ధత అనగానే మనలో ఎందరికి లోలోపల మడి అను తలంపే కలుగునో ఆలోచింపవలసిన సంగతి. మడి కట్టుకొనిన వారిని ఇతరులు తాకరాదు. తాకినచో మైల. తరతరములుగా మన తెలుగు పల్లెలలో పవిత్రత అనగా దూరముగా నుండుట. ఊరి వెలుపల ఉంచబడిన మన పితరులలో అనేకులకు ఆ దూరమెంతయో ఎవరును నేర్పనక్కరలేకపోయెను.

బైబిలులో పరిశుద్ధతకు ప్రత్యేకింపబడుట అను అర్థము కలదు, నిజమే. కాని అది దేవుని కొరకు ప్రత్యేకింపబడుటయే గాని తోటి మనుష్యునికి దూరమగుట కాదు. లేవీయకాండము 19వ అధ్యాయము చూడుడి. దేవుని ప్రజలు పరిశుద్ధులై యుండవలెనను ఆజ్ఞతో ఆరంభమైన ఆ అధ్యాయము వెంటనే పొలములోనికి దిగును. బీదల కొరకు చేని ఓరలు కోయక విడువవలెను. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకొనరాదు. ప్రభువు కుష్ఠరోగిని ముట్టినప్పుడు రోగి మైల ప్రభువునకు అంటలేదు. ప్రభువు శుద్ధియే రోగికి అంటెను. మన పల్లెలలో ఈ సత్యమును బ్రదికి చూపినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన పుట్టుకచేత తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెల్లాళన్‌విళైలో జన్మించిరి. తండ్రి ఆ గ్రామమున గురువు. వారిది నాడార్ కుటుంబము. ఆ రోజులలో నాడార్లను హైందవ దేవాలయములలోనికి రానిచ్చెడివారు కారు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, పట్టా పుచ్చుకొనకయే వై.ఎం.సి.ఏ. సేవలో ప్రవేశించిరి. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడు అందు ముఖ్యులైరి. ఈ దేశపు మనుష్యులతో ఈ దేశపు ధనముతో సువార్త సాగవలెనన్నదే ఆ సంఘముల ఉద్దేశము. తిరునల్వేలి సొసైటీ ఎన్నుకొనిన పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము.

ఇతరులను పంపి తాము కార్యదర్శిగా కూర్చుండియుండవచ్చును. ఆయన అట్లు చేయక, 1909లో గురువుగా అభిషిక్తులై తామే దోర్నకల్ వచ్చి మొదట డేరాలో కాపురముండిరి. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు నేర్చుకొనిరి. తమిళుడై, చదువరియై, కూలి జనుల గుడిసెల మధ్యకు వచ్చుట ఆ కాలమున సామాన్యమైన పని కాదు.

మరుసటి సంవత్సరము, అనగా 1910లో, ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము కొందరు దొరలకు కటువుగా తోచెను. మిషనరీల త్యాగమును ఆయన కొనియాడిరి. అయినను ఈ దేశపు సేవకులతో వారు స్నేహితులుగా మెలగుట లేదని తేటగా చెప్పిరి. తెల్లవారి బంగళాలలో మడి అను మాట లేకున్నను మడి యున్నదని మేము దీని భావము చెప్పుకొనుచున్నాము.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. ఆ నియామకమును వ్యతిరేకించినవారిలో మిషనరీలు మాత్రమే గాక మన దేశస్థులును ఉండిరి.

తరువాత ముప్పదిరెండు సంవత్సరములు ఎద్దుబండిమీదను, సైకిలుమీదను పల్లెపల్లె తిరిగిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని బోధించిరి. బాప్తిస్మము పొందినవారిచే తమ తలలమీద తమ చేతులే ఉంచుకొని, సువార్త చెప్పుదుమని ప్రమాణము చేయించెడివారు. ఉపదేశి పని ఉపదేశిదే, మనది వినుటయే అను అలవాటుకు ఇది గొడ్డలిపెట్టు. 1930 తరువాత అనేక ఇతర కులములవారు సైతము సంఘములో చేరిరి. వారిని కదిలించినది ప్రసంగములకంటె గూడెములలో మారిన బ్రదుకులేనని ఆనాటివారు గ్రహించిరి.

ఇక్కడ ఒక సందేహము కలుగును. బావిలో నీళ్లు తోడుకొననియ్యని ఊరిలో, మురికిగా నున్నారని గూడెమువారిని గద్దించుట న్యాయమా? పై కులములవారు అనుమాటనే బిషప్పు గారును అనుచున్నారని కొందరికి నొప్పి కలిగియుండవచ్చును. ఆయన క్రమశిక్షణ కఠినమైనదే. దానిని మేము కప్పిపుచ్చము. అయితే పై కులములవారు ఆ మాటను దూరమునుండి అనిరి, ఈయన వారి నడుమ కూర్చుండి అనిరి. మాలలును మాదిగలును ఒక్క సంఘముగా కూడి, ఒక్క ప్రభువు బల్లయొద్ద పాలుపొందవలెనని పట్టుపట్టిరి. శుచిగా నుండుడని చెప్పి, ఆ తరువాతనే దగ్గరకు రమ్మని పిలిచినవారు కారు. ఈ విషయములో ఆయనకు సంపూర్ణ జయము కలుగలేదు. వివాహ సంబంధము వెదకునప్పుడు ఏ గూడెమువారని మొదట విచారించు పద్ధతి మన సంఘములలో ఇప్పటికిని పోలేదు గదా.

రాజకీయములలోను ఆయనది ఇదే పట్టు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిరి. సంఘము తన చుట్టు కంచె కట్టుకొని ఒక కులమువలె మారిపోవునని ఆయన భయము.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములు హైందవ ఆలయములను, గుమ్మటములు మసీదులను జ్ఞాపకము చేయును.

1919లో తరంగంబాడిలో గురువులు కూడి సంఘముల ఐక్యత కొరకు ప్రకటన చేసినప్పుడు ఆయన ముందు నిలిచిరి. ఆ పని ముగియకమునుపే 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలవారు ఆనాడు ఒక్క బల్లయొద్దకు వచ్చిరి.