ఒక్క రాత్రిలో పుట్టిన ‘పింగ్’

హాస్టల్‌లో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది. ఆన్‌లైన్ టెస్ట్ పేజీ మాత్రం తెరుచుకోదు, తిరుగుతూనే ఉంటుంది. తప్పు మన ల్యాప్‌టాప్‌దా? రూటర్‌దా? లేక ఆ వెబ్‌సైట్‌దా? నెట్‌వర్క్ పని తెలిసినవాళ్లు ఇలాంటప్పుడు ముందుగా టైప్ చేసే మాట ఒకటుంది.. పింగ్.

నా మొదటి ఇంటర్వ్యూలో దీని గురించే అడిగారు. నెట్ ఉందో లేదో చెబుతుందని ఒక్క ముక్కలో తేల్చేశాను. రిప్లై రాకపోతే అవతలి సర్వర్ ఆగిపోయినట్టేనా అని మళ్లీ అడిగారు. నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు. ఆ కమాండ్‌ని రాసిన మనిషి గురించి ఆ తర్వాతే చదివాను. ఆయనే మైక్ మూస్.

ప్రతిధ్వని మీద ఇష్టం

మైఖేల్ జాన్ మూస్ 1958 అక్టోబరు 16న పుట్టారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో చదివారు. కాలేజీ రోజుల్లో సోనార్, రాడార్ వ్యవస్థల మోడలింగ్ మీద చాలా పనిచేశారు. సోనార్ సంగతి మనకి తెలిసిందే. జలాంతర్గామి నీటిలోకి ఒక శబ్దాన్ని వదులుతుంది. అది దేనికైనా తగిలి వెనక్కి వస్తుంది. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. బావిలోకి వంగి కేకేస్తే మన గొంతే మనకి తిరిగి వినిపిస్తుంది చూడండి, అదే సూత్రం.

చదువయ్యాక ఆయన అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేశారు. ఇది మేరీల్యాండ్ రాష్ట్రంలోని అబెర్డీన్‌లో ఉండేది. కంప్యూటర్ చరిత్ర పాఠంలో మొదట్లోనే వచ్చే ఎనియాక్‌ని సైన్యం తయారు చేయించింది ఈ ల్యాబ్ కోసమే.

నార్వేలో విన్న మాట

1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి ముందు తరమైన ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీ పద్ధతికి మారింది. అన్నీ కొత్త. ఎక్కడేం తేడా వచ్చినా పట్టుకోవడం కష్టంగా ఉండేది. ఆ జులైలో నార్వేలో జరిగిన ఒక సమావేశానికి మూస్ వెళ్లారు. డేవిడ్ మిల్స్ అనే శాస్త్రవేత్త కూడా వచ్చారు. ఇప్పుడు మన ఫోన్లు, కంప్యూటర్లు సరైన టైమ్ చూపించడానికి వాడే ఎన్‌టీపీని రూపొందించింది ఆయనే. మాటల మధ్యలో మిల్స్ తను చేసిన ఒక ప్రయోగం గురించి చెప్పారు. ఐసీఎంపీ ఎకో ప్యాకెట్లు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని కొలిచి, దారిలో ఎంత ఆలస్యమవుతోందో చూశారట.

ఐసీఎంపీ నియమాలను 1981లోనే జాన్ పోస్టెల్ రాసిపెట్టారు. ఎకో రిక్వెస్ట్ అందుకున్న యంత్రం అదే డేటాతో ఎకో రిప్లై పంపాలి. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కానీ కాలేజీలో సోనార్ మీద పనిచేసిన మూస్‌కి ఆ మాట మనసులో నాటుకుపోయింది.

తెల్లారేలోపు..

డిసెంబరు వచ్చింది. ల్యాబ్‌లో నెట్‌వర్క్ వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. మూస్‌కి మిల్స్ మాట గుర్తొచ్చింది. అప్పటికప్పుడు కూర్చుని ప్రోగ్రామ్ రాసేశారు. కంపైల్ అయింది. కానీ పనిచేయలేదు! చూస్తే, ఆ బర్కిలీ యూనిక్స్ కెర్నల్‌లో ఇలాంటి ప్యాకెట్లను నేరుగా పంపే వీలే లేదు. మనలో చాలామంది అక్కడితో ల్యాప్‌టాప్ మూసేస్తాం. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. కెర్నల్‌లో లేని ఆ భాగాన్ని కూడా తనే రాశారు. తెల్లారేలోపు అంతా సిద్ధం.

అసలు తమాషా ఇక్కడే ఉంది. ఆయన మొదటి పింగ్ ప్యాకెట్ పంపేలోపే, సహోద్యోగి ఒకరు లోపమున్న హార్డ్‌వేర్‌ని కనిపెట్టి బాగుచేసేశారు. అంటే ఏ సమస్య కోసం పింగ్ పుట్టిందో, ఆ సమస్యకి అది అక్కర్లేకపోయింది!

అయినా ఆయన ఆ కోడ్‌ని పక్కన పడేయలేదు. సోనార్ చేసే శబ్దం పేరే దానికి పెట్టారు. పింగ్ అంటే ‘ప్యాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్’ అని కొన్ని నోట్స్‌లో కనిపిస్తుంది. ఆ విస్తరణ తర్వాత మిల్స్ అల్లింది. కెర్నల్ మార్పులతో సహా కోడ్‌ని బర్కిలీ వాళ్లు తీసుకుని తమ యూనిక్స్‌లో చేర్చారు. ఉచితంగా దొరికే కోడ్ కావడంతో ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కి పాకింది. ఇవాళ విండోస్, లినక్స్, మ్యాక్ అన్నింట్లోనూ పింగ్ ఉంది.

ఆ ఆలోచనని మనం వాడటమెలా?

పింగ్ అడిగేది ఒకే ప్రశ్న.. అక్కడున్నావా? దాన్ని దగ్గర నుంచి దూరానికి వరసగా అడుగుతూ వెళ్లాలి. అదే అసలు కిటుకు.

ముందు 127.0.0.1కి పింగ్ చేయండి. అది మీ కంప్యూటరే. జవాబు రాకపోతే లోపం మీ సిస్టమ్ సెట్టింగుల్లోనే. తర్వాత మీ రూటర్, అంటే గేట్‌వే అడ్రస్. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్ దాన్ని చూపిస్తుంది. అక్కడ జవాబు ఆగితే వైఫైని, కేబుల్‌ని అనుమానించండి. ఆ తర్వాత 8.8.8.8 లాంటి బయటి అడ్రస్. చివరగా వెబ్‌సైట్ పేరు. అంకెలతో వెళ్లి, పేరుతో వెళ్లకపోతే చిక్కు డీఎన్ఎస్‌లో ఉన్నట్టు. ఎన్ఎస్‌లుకప్‌తో నిర్ధారించుకోవచ్చు. దారి మధ్యలో ఎక్కడ ఆగుతోందో తెలియాలంటే, తర్వాతి కాలంలో వాన్ జేకబ్‌సన్ రాసిన ట్రేస్‌రూట్ ఉంది. విండోస్‌లో దాని పేరు ట్రేసర్ట్.

వచ్చిన జవాబునూ చదవాలి. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే గడువులోగా రిప్లై రాలేదని మాత్రమే. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అంటే అక్కడికి చేరే మార్గం లేదని మన కంప్యూటరో, మధ్యలో రూటరో చెబుతోందని. ఇక నన్ను ఓడించిన ప్రశ్నకి జవాబు.. కాదు! చాలా సర్వర్ల ముందు ఫైర్‌వాల్ ఐసీఎంపీని అడ్డుకుంటుంది. పింగ్‌కి పలకని సర్వర్ కూడా వెబ్ పేజీని చక్కగా ఇవ్వొచ్చు.

ఏళ్ల పని ఒకటి, ఒక్క రాత్రి పని మరొకటి

మూస్ అసలు వృత్తి నెట్‌వర్క్ ఒక్కటే కాదు. వస్తువుల ఆకారాలను కంప్యూటర్‌లో ఘనరూపంలో నిర్మించే బీఆర్ఎల్-క్యాడ్ అనే భారీ సాఫ్ట్‌వేర్‌కి రూపకర్త ఆయనే. దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. టీసీపీ వేగాన్ని కొలిచే టీటీసీపీ రూపకల్పనలోనూ ఆయన పాత్ర ఉంది. ఇప్పుడు నెట్‌వర్క్ ఇంజినీర్లు వాడే ఐపెర్ఫ్‌కి అదే మాతృక. 1993లో యూసెనిక్స్ సంఘం బర్కిలీ యూనిక్స్ బృందానికి జీవితకాల పురస్కారం ఇచ్చినప్పుడు, గౌరవం పొందిన 180 మందిలో ఆయనొకరు.

ఇన్ని చేసినా అందరికీ గుర్తున్నది పింగే. అది ఇంత పేరు తెస్తుందని ముందే తెలిసుంటే ఇంకో రోజో రెండ్రోజులో కూర్చుని మరికొన్ని ఆప్షన్లు కలిపేవాణ్నని ఆయన సరదాగా రాసుకున్నారు.

2000 నవంబరు 20న మేరీల్యాండ్‌లో ఇంటర్‌స్టేట్ 95 రహదారిపై జరిగిన ప్రమాదంలో మూస్ చనిపోయారు. వయసు 42 ఏళ్లే. నాలుగేళ్ల తర్వాత, 2004 డిసెంబరులో, బీఆర్ఎల్-క్యాడ్ ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. అది చూడటానికి ఆయన లేరు.

ప్రాజెక్ట్ అంటే ఏదో పెద్దది చేయాలేమోనని మనం ఆగిపోతుంటాం. మూస్ ఆ రాత్రి గొప్ప ప్రాజెక్ట్ చేద్దామని కూర్చోలేదు. తన ల్యాబ్‌లో ఒక తీగ ఎందుకు పలకట్లేదో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. మీ హాస్టల్ వైఫై మళ్లీ మొరాయించినప్పుడు వార్డెన్‌కి ఫోన్ చేసే ముందు ఆ నలుపు తెర తెరవండి. ఎక్కడిదాకా జవాబొస్తోందో, ఎక్కడ ఆగుతోందో వరసగా రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో అదే ప్రశ్న ఎదురైతే, చెప్పడానికి మీ దగ్గర మీరు చేసి చూసిన పని ఉంటుంది.