భక్తాంఘ్రిరేణువు

చోళదేశమున తిరుమండంగుడి విప్రనారాయణుల జన్మస్థలము. ధనుర్మాసమున జ్యేష్ఠానక్షత్రమందు శ్రీవారి వనమాలాంశమున అవతరించిరని సంప్రదాయము, క్రీ.శ. 8, 9 శతాబ్దుల నాటివారని చరిత్రకారుల అభిప్రాయము. వివాహమును తలపక శ్రీరంగము చేరి, పూదోట పెంచి, తులసీపుష్పమాలలు గట్టి రంగనాథునకు సమర్పించుటయే వారి నిత్యకైంకర్యము.

తరువాతి కథ తెలుగువారికి క్రొత్త గాదు. సారంగు తమ్మయ వైజయంతీవిలాసమును, 1954లో వచ్చిన చలనచిత్రమును దానిని ఇంటింటికి చేర్చినవి. దేవదేవి యను వేశ్య పంతము పట్టి, దాసివలె తోటపనికి కుదిరి, నెలల తరబడి మొక్కలకు నీరు పోసెను. ఒకనాడు జోరున వాన. తడిసి వణకుచున్న ఆమెను విప్రనారాయణులు జాలిపడి లోనికి రమ్మనిరి. ఆ జాలియే మోహమైనది. మాలాకైంకర్యము నిలిచిపోయెను. ఉన్నదంతయు ఆమెకు ధారవోసి, ధనము తీరినంతనే గెంటివేయబడియు, ఆ వాకిలి విడువలేక అచటనే పడియుండిరి.

కొందరు కథకులు దోషమంతయు దేవదేవిపై మోపుదురు. అది న్యాయముగా తోచదు. విప్రనారాయణుల హృదయమే అట్టిది; లోబడినచో సగము లోబడుట ఎరుగదు. వారి బలహీనత అదియే.

అంతట శ్రీరంగనాథుడు పరిచారకవేషమున వచ్చి, ఆలయపు బంగారుగిన్నెను విప్రనారాయణుల కానుకయని దేవదేవి కిచ్చెను. గిన్నె కానరాకపోగా దొంగతనము వీరిపై బడెను, చెర తప్పలేదు. స్వామి రాజునకు స్వప్నమున నిజము తెలిపి విడిపించెను.

ఆ లొంగెడి స్వభావమును మాత్రము స్వామి పెరికివేయలేదు, తనవైపునకు త్రిప్పుకొనెను. వేశ్య వాకిట పడియున్నవారే భాగవతుల శ్రీపాదతీర్థమును స్వీకరించి తొండరడిప్పొడి, అనగా భక్తుల అడుగుల ధూళి, అను పేరు ధరించిరి. పలువురు ఆళ్వార్లవలె పెక్కు దివ్యదేశములను పాడక రంగనాథునొక్కనినే పాడిరి. 45 పాశురముల తిరుమాలలో తమ పతనమును దాచలేదు. బ్రాహ్మణోచితమైన అనుష్ఠానమును పోగొట్టుకొంటిననియు, చెప్పుకొనదగిన గుణ మొక్కటియు లేదనియు ఒప్పుకొని, ఆ లేమినే స్వామి దయయెదుట పరచిరి. అట్లు పడి లేచినవారగుటచేతనే కాబోలు, భక్తుడైనచో ఏ కులమువాడైనను పూజ్యుడేయని అంత గట్టిగా చెప్పగలిగిరి.

రెండవ కృతి తిరుప్పళ్లియెళుచ్చి. 10 పాశురములు, శ్రీరంగనాథునకు మేలుకొలుపు. ఉదయకైంకర్యమును మరచిన ఆ గొంతుకతోనే నేటికిని ధనుర్మాసపు వేకువను వైష్ణవాలయములలో స్వామి మేల్కొనుచున్నాడు. కడపటి పాశురమున ఆళ్వారు తమ్ము చెప్పుకొన్నది తులసితో, భుజమున పూలబుట్టతో నిలిచిన దాసునిగానే.