రాగి రేకులపై మన కొండలు, జలపాతాలు
థామస్ డానియెల్ జీవిత విశేషాలు

కెమెరా పుట్టక మునుపు మన దేశంలోని కొండలు, నదులు, కోటలు ఎలా ఉండేవో చూడాలంటే థామస్ డానియెల్ అచ్చుచిత్రాలే పెద్ద ఆధారం. ఈ ఇంగ్లీషు చిత్రకారుని వెంట చివరిదాకా శ్రమించినవాడు ఆయన సోదరుని కుమారుడు విలియం.

థామస్ 1749లో లండన్ సమీపాన గల కింగ్‌స్టన్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. మొదట గుర్రపు బగ్గీలకు రంగులు వేసే పని నేర్చుకుని, 1773లో రాయల్ అకాడమీలో విద్యార్థిగా చేరారు. లండన్‌లో ప్రకృతి చిత్రాలకు గిరాకీ అంతంత మాత్రం. దానితో ఈస్టిండియా కంపెనీ అనుమతి పొంది, తండ్రి పోయిన విలియంను వెంటబెట్టుకుని 1785లో ఓడ ఎక్కారు. చైనా మీదుగా 1786లో కలకత్తా చేరుకున్నారు.

అన్నీ తానే

కలకత్తా దృశ్యాలను పన్నెండింటిని ఆక్వాటింట్ పద్ధతిలో అచ్చు వేయడానికి పూనుకున్నారు. ఈ పద్ధతిలో రాగి రేకు మీద జిగురు పొడి చల్లి, వేడి చేసి అంటిస్తారు. తెల్లగా ఉండవలసిన చోట వార్నీషు పూసి, రేకును యాసిడ్‌లో ముంచుతారు. పొడి రేణువుల సందున యాసిడ్ రాగిని తినివేస్తుంది. ఎంతసేపు ఉంచితే అంత నలుపు. ఆ గుంటల్లో సిరా నిలిచి కాగితం మీదికి దిగుతుంది. వట్టి గీతలతో సాధ్యం కాని మబ్బు, నీరు, దూరపు కొండల ఛాయలు ఇందులో చక్కగా వస్తాయి.

ఆ పనిలో అప్పటికి థామస్‌కు చేయి తిరగలేదు. చిత్రకారుడు, రాగి పనివాడు, ముద్రాపకుడు అన్నీ తానే అయ్యారు. 1788 నాటికి పన్నెండు చిత్రాలూ పూర్తయ్యాయి.

లాటరీతో ప్రయాణం

ఆ ఏడాదే ఇద్దరూ గంగ వెంట ఎగువకు బయలుదేరారు. ఆగ్రా, ఢిల్లీ, హరిద్వార్ చూసి, 1789లో హిమాలయాలలోని గఢ్వాల్ శ్రీనగర్ చేరారు. అక్కడ యుద్ధభయంతో జనం ఊరు విడిచి పోతుండగా వీరూ వెనుదిరిగారు. అలకనందపై తాళ్ల వంతెన చిత్రం ఆ ప్రయాణ ఫలమే.

తిరిగి వచ్చి తమ తైలవర్ణ చిత్రాలను కలకత్తాలో లాటరీ ద్వారా అమ్మారు. ఆ సొమ్ముతో 1792లో మద్రాసు చేరి, బెంగుళూరు, మధుర, తిరునల్వేలి ప్రాంతాలు తిరిగి, పాపనాశం జలపాతాన్ని చిత్రించారు. 1793లో మద్రాసులో మరో లాటరీ వేసి, బొంబాయి వెళ్లి, 1794లో స్వదేశం చేరారు.

విలియం శ్రమ

అసలు పరీక్ష అక్కడే మొదలైంది. 'ఓరియంటల్ సీనరీ' పేరిట 1795 నుండి 1808 వరకు 144 చిత్రాలు వెలువరించారు. ప్రతి ప్రతికీ చేతితో రంగులు వేయించారు. పూర్తి సెట్టు ఖరీదు 210 పౌన్లు. ఇంగ్లండు తిరిగి వచ్చాక విలియం ఏళ్ల తరబడి ఉదయం ఆరు మొదలు అర్ధరాత్రి వరకు పనిచేసి ఆక్వాటింట్‌లో అందె వేసిన చేయి అనిపించుకున్నాడు.

అకాడమీ సభ్యత్వం థామస్‌కు 1799లో దక్కగా, విలియం 1822 వరకు వేచి ఉండవలసి వచ్చింది. విలియం బ్రిటన్ తీరమంతా తిరిగి 308 ఆక్వాటింట్‌లు వేశాడు.

అవివాహితుడైన థామస్‌కు విలియమే కొడుకు వంటివాడు. ఆ విలియం 1837లో ముందుగా కన్నుమూశాడు. తొంభై యేళ్లు నిండిన థామస్ 1840లో మరణించారు. వారి చిత్రాలు కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని చూసేవారు థామస్ పేరుతోపాటు విలియం చేతి కష్టాన్ని కూడా తలచుకోవడం న్యాయం.