నాగయ్యగారు, మన టీవీ టవరు

మన బ్యాచ్ కబుర్లు రాసి పంపమని సావనీరు కమిటీవాళ్ళు అడిగారు. కబుర్లు నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఎవరు ఎవరి టిఫిన్ డబ్బా ఖాళీ చేశారో వాళ్ళే రాస్తారు. నేను మాత్రం మన బడి మెట్లు ఎన్నడూ ఎక్కని ఒక పెద్దమనిషి గురించి రాస్తాను. మన బడి పుట్టేనాటికే ఆయన పోయి ఏడాది దాటింది. అయినా మన చిన్నతనంలో శనివారం సాయంత్రాలు కొన్ని ఆయనవే. చిత్తూరు వి. నాగయ్యగారు.

రామంతాపూర్‌లో పెరిగిన వాళ్ళకి టీవీ స్టేషన్ అంటే సొంత ఆస్తి కింద లెక్క. 1977లో దూరదర్శన్ ప్రసారాలు మొదలైనప్పటి నుంచీ ఊరంతటికీ బొమ్మలు మన పక్కనుంచే వెళ్తున్నాయన్న గర్వం మనకుండేది. ఆటల పీరియడ్లో బంతి పైకెగిరితే వెనకాల టవరు కనిపించేది. శుక్రవారం చిత్రలహరి, శనివారం తెలుగు సినిమా. కత్తియుద్ధాలుంటాయని ఆశగా ముందు వరసలో చతికిలబడితే, ఒక్కోసారి తెర మీదికి తంబూరా పట్టుకుని నాగయ్యగారు వచ్చేవారు. మేమంతా ఉసూరుమనేవాళ్ళం. సగం మంది లేచి ఆటకి పోయేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం కదిలేవారు కాదు. సోమవారం మన తెలుగు మాస్టారు క్లాసులోకి రాగానే, శనివారం సినిమా ఎంతమంది చివరిదాకా చూశారని అడిగేవారు. చేతులెత్తిన నలుగురైదుగురిలో నేనొకణ్ణి. అందుకు కారణం భక్తి కాదు. టీవీ ఉన్నది మా ఇంట్లో, లేచి పోవడానికి వేరే ఇల్లు లేదు.

ఆయన 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. చదువు కొంత కుప్పంలో సాగింది. పేరు ముందు చిత్తూరు వచ్చి చేరింది నాటకాల వల్ల. అక్కడి రామవిలాస సభలో వేషాలు వేశారు. సారంగధరలో చిత్రాంగి వేశారంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. తర్వాతి కాలంలో తెలుగువాళ్ళందరికీ తండ్రిలా, తాతలా, ఋషిలా కనిపించిన మనిషి మొదట పేరు తెచ్చుకున్నది ఆడవేషంతో. గుమాస్తాగిరీ చేశారు, కొన్నాళ్ళు పత్రికలో పనిచేశారు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఉద్యమంలోకి దిగారు. ఇంటి జీవితం మాత్రం ఆయనకి కలిసిరాలేదు. పెళ్ళి చేసుకున్న భార్య పోయింది, రెండోసారి చేసుకుంటే ఆవిడా పోయింది. ఆ దుఃఖంలో తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షి ఆశ్రమంలో కొంతకాలం గడిపారు. ఆయన మొహంలో ఆ శాంతం మేకప్‌తో వచ్చింది కాదని మా నాన్నగారు అంటుండేవారు. అప్పట్లో ఆ మాట నాకు పట్టలేదు.

1938లో హెచ్.ఎం.రెడ్డిగారి గృహలక్ష్మితో సినిమాల్లోకి వచ్చారు. అందులో ఆయన సంస్కర్త. కల్లు మానమని జనానికి చెప్పే పాట ఆయనే పాడారు. అప్పటికి నేపథ్యగానం కుదురుకోలేదు, ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. నాగయ్యగారికి అది వరమయింది. మరుసటి ఏడాది బి.ఎన్.రెడ్డిగారు మొదటిసారి దర్శకత్వం వహించిన వందేమాతరంలో కాంచనమాల సరసన హీరో. సంగీతం కూడా ఆయనదే. ఆ తర్వాత సుమంగళి, దేవత, స్వర్గసీమ. వాహినీవారి సినిమా అంటే నాగయ్యగారు అనేటంత అయింది.

నన్ను ఆశ్చర్యపరిచేది సుమంగళి. 1940లో వచ్చిందది. అప్పటికి ఆయన వయసు 36. వేసింది పండు ముసలి వేషం, వీరేశలింగం పంతులుగారిని గుర్తుకు తెచ్చే పాత్ర. సినిమాల్లోకి వచ్చిన రెండేళ్ళకే గడ్డం తెల్లబరుచుకుని, నడుం వంచుకుని తెర మీదికి వచ్చే ధైర్యం ఇవాళ ఎవరికుంది?

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి. మాస్టారు ఆయనను పాల్ ముని అంతటివాడు అంటుండేవారు. ఆ ముని ఏ యుగంవాడోనని నేను అనుకునేవాణ్ణి. పోతన, వేమన, వాల్మీకి వేషాలు వేసిన మనిషికి ఇంకొక ముని తోడయితే వింతేముంది? ఇంటర్ అయ్యాక ఉస్మానియా క్యాంపస్‌లో చేరి, తార్నాకలో గది తీసుకుని ఉన్న రోజుల్లో, కొందరు సీనియర్లు ఒక పాత ఇంగ్లీషు సినిమా వేస్తున్నారంటే ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి నడుచుకుంటూ వెళ్ళాను. సినిమా ఎమిల్ జోలా జీవితం. తెర మీద పేరు పడింది, పాల్ ముని అని. చీకట్లో నేనొక్కణ్ణే నవ్వాను. పక్కనున్నవాడు నాకేసి వింతగా చూశాడు.

ఆ పోలిక ఊరికే పుట్టలేదు. పాల్ ముని కూడా నాటకాల నుంచి వచ్చినవాడే. యూరప్ నుంచి అమెరికా వెళ్ళిన యూదు నటుల కుటుంబం వాళ్ళది. పన్నెండేళ్ళ పిల్లవాడిగా ఎనభయ్యేళ్ళ ముసలి వేషం కట్టాడు. హాలీవుడ్‌లో 1932లో స్కార్‌ఫేస్‌లో గూండాగా వేసినవాడు 1936లో లూయీ పాశ్చర్‌గా మారి ఆస్కార్ గెలిచాడు. మరుసటి ఏడాది జోలా, ఆపైన మెక్సికో నాయకుడు హువారెజ్. ఒక మొహంలో ఇన్ని జీవితాలు. నాగయ్యగారూ అంతే. 1941లో తమిళంలో అశోక చక్రవర్తి, ఆ తర్వాత పోతన, 1946లో త్యాగరాజు, 1947లో వేమన. ఆయన హాలీవుడ్ వాసనకి మరీ దూరమేమీ కాదు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి మీరాగా నటించిన సినిమాలో రాణా ఆయనే. దానికి దర్శకుడు ఎల్లిస్ ఆర్.డంగన్, అమెరికావాడు, లాస్ ఏంజెలెస్‌లో సినిమా చదువుకుని మద్రాసు వచ్చినవాడు. హిందీ మీరాలో సుబ్బులక్ష్మిని పరిచయం చేస్తూ తెర మీద మాట్లాడింది మన హైదరాబాద్ సరోజినీ నాయుడుగారు.

పోతన కడపవాడా ఓరుగల్లువాడా అన్న తగవు ఈనాటికీ తెగలేదు. బమ్మెర మనకి దగ్గర కాబట్టి నా ఓటు ఎటో చెప్పనక్కర్లేదు. కానీ పోతన మొహం ఎలా ఉంటుందన్న దానికి మాత్రం రెండు పక్షాలకీ తగవు లేదు. కళ్ళు మూసుకుంటే నాగయ్యగారే కనిపిస్తారు. కె.వి.రెడ్డిగారికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. ఆయనే తీసిన యోగి వేమన నా దృష్టిలో అంతకంటే గొప్పది. బంగారం చేసే రసవిద్య వెంట పడిన వేమనకి, బంగారం చేతికొచ్చే వేళకి ప్రాణంగా చూసుకున్న అన్నగారి కూతురు చేయి దాటిపోతుంది. ఆ దృశ్యం మా ఇంట్లో చూస్తున్నప్పుడు మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా చెల్లెలు పోయిన ఏడాది అది. నాన్నగారు టీవీ కట్టెయ్యబోయి ఆగారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత నాగయ్యగారి సినిమా వస్తే నేను ఉసూరుమనడం మానేశాను.

నిజం చెప్పాలంటే ఆయన నటనలో అంతా ఈనాటికి నిలుస్తుందని నేననను. మాట మరీ నెమ్మది. ఒక్కో వాక్యానికీ ముందొక నిట్టూర్పు, వెనకొక నిట్టూర్పు. తర్వాతి రోజుల్లో తండ్రి పాత్రల్లో అది అలవాటుగా మారిపోయింది కూడా. మిమిక్రీ చేసేవాళ్ళకి ఆయన గొంతు సులువుగా దొరికేది ఇందుకే. అయితే అది పాత్రల తప్పు కూడా. 1963లో లవకుశలో వాల్మీకిగా చూడండి, పాత్రలో సరుకున్నప్పుడు అదే నెమ్మది ఎంత నిండుగా ఉంటుందో.

త్యాగయ్య ఆయన సొంత సినిమా. నిర్మాత, దర్శకుడు, సంగీతం, నటన అన్నీ ఆయనే. ఆ రోజుల్లో ఆయనకున్న రాబడి మామూలుది కాదు. సినిమాకి లక్ష రూపాయలు తీసుకున్నారని సినిమా చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. బంగారం తులం వంద రూపాయలకి అటూ ఇటూ ఉన్న కాలమది. మద్రాసులో ఆయన ఇల్లు సత్రం లాంటిది. ఊరి నుంచి వేషాల కోసం వచ్చిన కుర్రాడు, ఫీజు కట్టలేని విద్యార్థి, పెళ్ళికూతురి తండ్రి, ఎవరొచ్చినా భోజనం, పోయేటప్పుడు చేతిలో ఏదో ఒకటి. లెక్క రాసుకున్నవాడు లేడు. 1950లో వచ్చిన బీదలపాట్లులో ఆయనదే ప్రధానపాత్ర. విక్టర్ హ్యూగో నవలకి మన రూపం. రొట్టె దొంగిలించి జైలుకెళ్ళి, తర్వాత ఊరందరికీ పెట్టే మనిషి కథ. ఆ వేషానికి ఆయన పెద్దగా శ్రమపడి ఉండరు.

దానధర్మాల వల్లే చితికిపోయారని అందరూ అంటారు. నాకు అది సగం నిజమనిపిస్తుంది. మిగతా సగం సొంత సినిమాలది. 1953లో నా ఇల్లు తీశారు, తెలుగులోనూ తమిళంలోనూ. ఆపైన రామదాసు. ఏళ్ళ తరబడి సాగి 1964లో విడుదలయింది. కబీరు వేషం గుమ్మడిది, ఆయనకి మహమ్మద్ రఫీ పాడారు. నాగయ్యగారికి అప్పటికి అరవై ఏళ్ళు. కాలం ఎన్టీఆర్, ఏఎన్నార్‌లది. సినిమా ఆయన్ని ఒడ్డున పడెయ్యలేదు. దానం చేసిన డబ్బు పోతే మనిషి మళ్ళీ సంపాదించుకోవచ్చు. అప్పు చేసి తీసిన సినిమా ఆడకపోతే వడ్డీ ఆగదు. వ్యాపారం తెలిసినవారెవరైనా ఆయన్ని ఆపి ఉండాల్సింది అని మా నాన్నగారు, ఆపితే ఆగేవారు కాదని మాస్టారు. వాళ్ళిద్దరూ ఒకసారి పేరెంట్స్ మీటింగులో నా మార్కులు వదిలేసి దీని మీద వాదించుకున్నారు. నా లెక్కల మార్కులు ఆరోజు అలా బతికిపోయాయి.

1965లో పద్మశ్రీ ఇచ్చారు. గౌరవం వచ్చింది, బాకీలు తీరలేదు. ఒకప్పుడు లక్ష తీసుకున్న మనిషి ఆ తర్వాత ఏ చిన్న వేషమిచ్చినా, ఎంతిచ్చినా కాదనకుండా వేశారు. తన ఇంట్లో భోంచేసి పైకొచ్చినవాళ్ళ సెట్లలోనే ఒక మూల కుర్చీలో కూచుని తన వంతు కోసం ఎదురుచూశారు. దాని మీద ఆయన ఫిర్యాదు చేసిన దాఖలా ఎక్కడా నా కంటపడలేదు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. అటు పాల్ ముని 1967లోనే పోయాడు. చివరి సంవత్సరాల్లో ఒక కన్ను పోయి, రెండోది మసకబారి, కాలిఫోర్నియాలో జనానికి దూరంగా ఉండేవాడు.

మనం ఎనిమిదో తరగతిలో ఉండగా గోల్కొండ విహారయాత్రకి వెళ్ళాం, గుర్తుందా? కోట పైకి ఎవరు ముందు ఎక్కుతారని పందెం. దారిలో రామదాసు బందిఖానా దగ్గర మాస్టారు ఆగిపోయారు. గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డారు. గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కడితే ఆ ఆరు లక్షలూ రాముడే వచ్చి తానీషాకి కట్టి విడిపించాడని కథ చెప్పారు. నేను ఊరుకోకుండా, మరి నాగయ్యగారి అప్పు కట్టడానికి ఎవరూ రాలేదేమని అడిగాను. మాస్టారు నా నెత్తి మీద చెయ్యి వేశారే తప్ప జవాబు చెప్పలేదు. కింద బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. పిల్లలందరినీ లెక్కపెట్టి పంపించి, ఆయన చివరగా బయటికి వచ్చారు.